ఎడారి యాత్రికుడు బాగ్నోల్డు

ఎడారి యనగానే మనకు ఒంటె జ్ఞప్తికి వచ్చును. వేల సంవత్సరములనుండి ఎడారిని దాటువారికి ఒంటెయే వాహనము, ఒంటెయే నేస్తము. కాని దాని యోర్పునకును ఒక మేర కలదు. కొన్ని దినముల ప్రయాణము లోపల బావియో చెలమయో తగులనిచో అదియు కూలిపోవును. అందుచే ఒంటె పోలేని నేల మనుష్యునకును పోరాని నేలయే యని పూర్వులు తలచిరి.

అట్టి నేల యొకటి ఆఫ్రికా ఖండమున, ఈజిప్టునకును లిబియాకును నడుమ కలదు. దానికి మహా సికతాసముద్రమని పేరు. ఉత్తరమునుండి దక్షిణమునకు దాని పొడవు సుమారు 650 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదునుండి చెన్నైకి గల దూరము. వెడల్పు సుమారు 300 కిలోమీటర్లు. నూరు మీటర్ల ఎత్తుగల ఇసుక దిబ్బలు అలలవలె వరుసలు తీరి చూపు మేర సాగిపోవును. నడుమ నీరు లేదు, నీడ లేదు. పూర్వము పర్షియా రాజగు కాంబిసెసు పంపిన ఏబది వేల సైన్యము ఈ ప్రాంతపు ఇసుకలోనే సమాధి యయ్యెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసియున్నాడు. అది చరిత్రయో కట్టుకథయో నేటికిని తేలలేదు. 

అట్టి ఇసుకలో మోటారు బండ్లను నడిపించి, దానిని దాటి, తిరిగి ప్రాణములతో వచ్చినవాడు రాల్ఫ్ బాగ్నోల్డు.

బాగ్నోల్డు 1896వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఇంగ్లండులోని డెవన్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యములో ఇంజనీరు. ఖార్టూము నగరమున శత్రువులచే చిక్కుపడిన గోర్డను సేనానిని విడిపించుటకు 1884లో బయలుదేరిన దండులో ఆయన యుండెను. కావున నైలు నది మాటలు, ఎడారి మాటలు ఆ ఇంట కొత్తవి కావు. అక్క యగు ఈనిడ్ పెద్దదై నవలా రచయిత్రిగ పేరు గాంచెను. తమ్ముడు తండ్రి త్రోవనే పట్టెను. 1915లో సైన్యమున ఇంజనీరుగ చేరి, మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు, బెల్జియము రంగములలోని కందకములలో మూడేండ్లు గడపెను. యుద్ధము ముగిసిన పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, మరల సైన్యమునకే వచ్చెను.

1926లో ఆయనను ఈజిప్టునకు పంపిరి. కైరో నగరమున సైనికోద్యోగులకు సెలవు దినములలో పోలో ఆటలు, విందులు, వినోదములు కొల్లలుగ నుండెను. బాగ్నోల్డు మనస్సు వానిపై నిలువలేదు. తనవంటి అభిరుచి గల నలుగురు మిత్రులను కూడగట్టుకొని, పాత ఫోర్డు కార్లను కొని, సెలవు దొరికినప్పుడెల్ల ఎడారికి బయలుదేరుచుండెను. ఖర్చు వారిదే. ప్రభుత్వపు ఆజ్ఞ లేదు, సాయమును లేదు. మొదట సినాయికి, తరువాత పడమట సీవా ఒయాసిస్సునకు పోయిరి. పోయిన కొలది ఇంకను లోపలికి పోవలెనను కోరిక పెరిగెను.

కోరిక యుండిన చాలదు గదా! బండి ఇసుకలో దిగబడును. వేసవిలో గోదావరి, కృష్ణ తిన్నెలలోనికి ఇసుక కెత్తుకొనుటకు దిగిన లారీల చక్రములు కూరుకొనిపోవుట మన బాలబాలికలు చూచియే యుందురు. ఇంజను వేగము హెచ్చించిన కొలది చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. తిన్నెలలోనైనచో నలుగురు వచ్చి త్రోయుదురు. లేదా మరియొక బండి వచ్చి లాగును. నాలుగు వందల కిలోమీటర్ల లోపల మనుష్యుడే లేనిచోట ఎవరు వత్తురు?

బాగ్నోల్డు ఈ చిక్కునకు విరుగుడు కైరోలోని పాత ఇనుప సామానుల దుకాణమున కనుగొనెను. యుద్ధకాలమున కందకముల కప్పులకు వాడిన ఉక్కు రేకులు కొన్ని అచ్చట పడియుండెను. అవి పొడవుగ, దోనెవలె వంపు తిరిగి యుండెను. దిగబడిన చక్రము ముందు ఇసుకను చేతులతో తోడి, ఆ రేకును చక్రము క్రిందికి చొనిపి, బండిని మెల్లగ కదల్చినచో చక్రమునకు పట్టు దొరకును. రేకు పొడవున బండి ముందునకు సాగి కొంత వేగమందుకొనును. తరువాత రేకును పెరికి, దానిని మోసుకొని బండి వెనుక పరుగెత్తవలయును. మండుటెండలో కాలిన ఉక్కు రేకును మోయుట ఎట్టిదో ఊహింపుడు. టైర్లలోని గాలిని కొంత తగ్గించినచో అవి వెడల్పుగ పరచుకొని ఇసుకపై తేలిపోవునని కూడ ఆయన బృందము అనుభవమున తెలిసికొనెను.

ఇక నీరు. మనుష్యుల దాహమొక యెత్తు, ఇంజను దాహమొక యెత్తు. ఇసుకలో ఈడ్చుకొని పోవునప్పుడు రేడియేటరులోని నీరు మరగి ఆవిరియై గొట్టము ద్వారా బయటికి పోవును. దానిని మరల మరల నింపవలయును. త్రాగుటకు తెచ్చుకొన్న నీరు ఇంజనుకే చాలదు. బాగ్నోల్డు ఆ గొట్టమునకు మరియొక గొట్టమును తగిలించి, దాని కొనను బండి ప్రక్కన బిగించిన నీళ్ల డబ్బాలోనికి దింపెను. ఆవిరి డబ్బాలోని చల్లని నీటిని తాకి మరల నీరగును. డబ్బాయు మరుగునంతటి వేడి పుట్టినప్పుడు బండిని గాలికెదురుగ త్రిప్పి నిలిపెదరు. ఇంజను చల్లబడగనే రేడియేటరులో ఏర్పడిన శూన్యము డబ్బాలోని నీటిని తిరిగి లోనికి పీల్చుకొనును. ఒక్క బొట్టు పోదు. ఒక గొట్టము, ఒక డబ్బా, అంతియే. ఇది దొరకుటతో ఎడారి ప్రయాణము కొన్ని దినముల పనినుండి కొన్ని వారముల పనిగ మారెను. నేడు మన వీథులలో తిరుగు కార్లలో ఇంజను ప్రక్కన నీటి తొట్టి యొకటి యుండును. అదియు ఇట్టి యుపాయమునే ఆశ్రయించి పనిచేయును.

మూడవది దిక్కు. నేడు హైదరాబాదు హైటెక్ సిటీలో బండి నడుపువాడు కొండాపురము పోవలసి గచ్చిబౌలి వైపు తిరిగినను భయము లేదు. చేతిలోని ఫోను ఉపగ్రహముల సాయమున తప్పును దిద్ది త్రోవ చూపును. బాగ్నోల్డు కాలమున ఆకసమున సూర్యుడును నక్షత్రములును తప్ప వేరొక సాయము లేదు. బండిలోని ఇనుము చేత అయస్కాంతపు దిక్సూచి తప్పు చూపును. దానిని నమ్మవలెనన్న ప్రతిసారియు బండి నాపి, దిగి, దూరముగ నడచిపోయి చూడవలయును. కావున ఆయన సూర్యదిక్సూచిని వాడెను. డిగ్రీలు గుర్తించిన గుండ్రని పలక నడుమ నిలువుగ ఒక సూది యుండును. సూది నీడ పలకపై ఏ గీత మీద పడవలెనో ముందుగ లెక్క కట్టి, నీడ ఆ గీతను విడువకుండ బండిని నడుపవలయును. సూర్యుడు కదలిన కొలది పలకను త్రిప్పుచుండవలయును. ఈ పరికరమును మొదట ఊహించినవాడు బాగ్నోల్డు కాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈజిప్టు ఎడారిలో తిరిగిన తేలిక కార్ల దళములవారు ఇట్టిదానిని వాడియుండిరి. ఆయన దానిని మెరుగు పరచి, పరుగిడు బండిలో నమ్మదగిన సాధనముగ చేసెను. రాత్రి కాగానే నక్షత్రముల ఎత్తును కొలిచి, రేడియోలో వచ్చు కాలసూచనతో సరిచూచి, తామున్న చోటును పటముపై గుర్తించుకొనెడివారు. పగలంతయు బండి నడిపి అలసినవారికి అది చిన్న శ్రమ కాదు.

ఈ సాధనములతో 1929లోను 1930లోను బాగ్నోల్డు మహా సికతాసముద్రములోనికి చొచ్చుకొనిపోయెను. మొదటి దిబ్బల వరుస గోడవలె ఎదుట నిలిచెను. మధ్యాహ్నపు వెలుగులో ఇసుక యంతయు ఒకే రంగై మెరయుచుండుటచే ఎచ్చట వాలు మొదలగునో ఎచ్చట ముగియునో కంటికి తెలియదు. మెల్లగ ఎక్క యత్నించినచో నడుమనే దిగబడుట తథ్యము. బాగ్నోల్డు బండిని వెనుకకు తీసి, గంటకు అరువది కిలోమీటర్లకు మించిన వేగముతో సూటిగ ఆ గోడపైకి నడిపెను. బండి ముక్కు పైకి లేచెను. ఇసుకలో కూరుకొనుటకు మారుగ చక్రములు తేలినట్లు జారిపోయెను. కొన్ని క్షణములలో బండి దిబ్బ శిఖరమున నిలిచెను. వెనుకవారు నోరు తెరచి చూచుచుండిరి.

ఇది సాహసమే గాని గ్రుడ్డి సాహసము కాదు. గాలి వీచు వైపున దిబ్బ వాలు మెల్లగ లేచును; అచ్చట ఇసుక రేణువులు గాలి తాకిడికి అదుముకొని దట్టముగ కుదురుకొనును. వేగముగ పోవు బండిని అది మోయగలదు. గాలి మరుగున నుండు వైపు వాలు నిటారుగ, సుమారు 33 డిగ్రీల కోణమున నుండును. అచ్చటి ఇసుక వదులుగ జారిపడినది. శిఖరమును చేరిన బండి అదే వేగముతో దాటినచో అవతలి వైపున బోర్లపడును. కావున ఎక్కునప్పుడు జంకరాదు, ఎక్కిన వెంటనే ఆపవలయును. ఈ రెండింటి నడుమ గల వ్యవధి రెప్పపాటు. ఇట్టి తావులలో బండ్లు పల్టీకొట్టి ఎముకలు విరిగినవారు తరువాతి కాలమున లేకపోలేదు.

1932లో ఆయన మరింత దక్షిణమునకు, సూడాను వరకు వేల కిలోమీటర్లు తిరిగెను. ఆ యాత్రలలో పటములపై తెల్లగ విడిచిన చోట్లు పెక్కు నిండెను. లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకము నొసగెను. ఇంతలో దూరప్రాచ్యమున పనిచేయుచుండగా ఆరోగ్యము చెడెను. ఇక సైన్యమునకు పనికిరాడని వైద్యులు తేల్చుటచే 1935లో ఉద్యోగము విడువవలసి వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 39 ఏండ్లు.

వేరొకడైనచో పింఛను పుచ్చుకొని తోటపని చేసికొనియుండును. బాగ్నోల్డును ఎడారిలో ఒక ప్రశ్న పట్టుకొనియుండెను. ఇసుక ఎచ్చట గట్టిగ నుండును, ఎచ్చట మెత్తగ నుండును? దిబ్బలు ఏల పుట్టును? వేల కొలది దిబ్బలు ఒకే ఆకారమును దాల్చి, ఒకే వరుసలో ఏల నడచును? బండి నడుపువాని ప్రాణముతో ముడిపడిన ఈ ప్రశ్నకు సమాధానము ఏ పుస్తకమునను లేకుండెను. లండనులోని ఇంపీరియల్ కాలేజీలో చోటు సంపాదించి, చెక్కతోను అద్దములతోను ఒక పొడవైన గాలి గొట్టమును తానే నిర్మించుకొని, అందులో ఇసుక పోసి గాలి వీపించి చూచుచు కూర్చుండెను.

ఇసుక రేణువులు దుమ్మువలె గాలిలో ఎగిరిపోవునని అంతకుముందు పలువురు తలచుచుండిరి. అట్లు కాదని ఆయన కనుగొనెను. రేణువు గంతువేయును. గాలి దానిని కొంత దూరము మోసి నేలపై విసరును. అది పడిన చోట మరికొన్ని రేణువులను తట్టి లేపును. అవియు అట్లే గంతులువేయును. అందుచేతనే ఇసుక గాలి వీచునప్పుడు ఇసుక చాలభాగము నేలనంటి మోకాలి ఎత్తులోనే సాగును; నిలుచున్న మనుష్యుని కాళ్లు ఇసుక ప్రవాహమున మునిగియున్నను తల తేటగాలిలో నుండుటయు కలదు. గాలి విసురు రెట్టింపైనచో కొట్టుకొనిపోవు ఇసుక రెట్టింపు కాదు, ఇంచుమించు ఎనిమిది రెట్లగును. ఈ లెక్కలను 1938లో మరల ఎడారికి పోయి, వీచు ఇసుకలో నిలిచి కొలతలు తీసి సరిచూచుకొనెను. ఊది వచ్చు ఇసుకను గూర్చియు ఎడారి దిబ్బలను గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథము 1941లో అచ్చయ్యెను.

అది అచ్చగునాటికి గ్రంథకర్త చేతిలో కలము లేదు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము మొదలుకాగా సైన్యము ఆయనను తిరిగి పిలిచి కెన్యాకు పంపెను. త్రోవలో మధ్యధరా సముద్రమున ఆయన యెక్కిన ఓడ మరియొక ఓడతో ఢీకొని చెడి, పోర్టు సయీదు రేవున ఆగెను. ఓడ బాగుపడులోపల పాత మిత్రులను చూడవచ్చునని బాగ్నోల్డు కైరోకు పోయెను. ఎడారిని ఎఱిగినవాడు ఊరిలో నున్నాడను వార్త సేనాపతి వేవెల్ చెవిని పడెను. కెన్యా ప్రయాణము రద్దయ్యెను. ఆ ఓడ ప్రమాదమే జరుగకున్నచో ఆయన కథ వేరుగ నుండెడిది.

1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగెను. లిబియా అప్పుడు ఇటలీ పాలనలో నుండెను. దక్షిణపు ఎడారినుండి శత్రువు నైలు నదిపైకి, ఆస్వాను ఆనకట్టపైకి వచ్చినచో ఆపువారు లేరని బాగ్నోల్డు భయపడెను. ఇసుకను దాటి శత్రువు వెనుకకు పోయి వాని రాకపోకలను కనిపెట్టు చిన్న దళము కావలెనని వేవెల్‌కు విన్నవించెను. వేవెల్ సరే యనెను. గడువు మాత్రము సుమారు ఆరు వారములే.

సికతాసముద్రమున తనతో తిరిగిన పాత మిత్రులను బాగ్నోల్డు ఎక్కడెక్కడినుండియో పిలిపించెను. టన్నున్నర బరువు మోయు షెవ్రొలె లారీలను సేకరించి, వాని తలుపులు, ముందరి అద్దములు, పైకప్పులు ఊడదీయించెను. సూర్యదిక్సూచి, ఆవిరి డబ్బా, ఉక్కు రేకులు ప్రతి లారీకిని అమర్చెను. న్యూజిలాండు సైనికులలోనుండి స్వచ్ఛందముగ వచ్చినవారిని చేర్చుకొనెను. వారిలో పలువురు పొలము పనులలో ట్రాక్టర్లు, లారీలు నడిపినవారు. బూట్లలో ఇసుక నిండుచున్నదని, మన దేశపు వాయవ్య సరిహద్దున వాడు తోలు చెప్పుల వంటివానిని వారికి కుట్టించుట ఒక విశేషము. ఆ దళమునకు లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అని పేరు. అనగా దీర్ఘదూర ఎడారి దళము. సెప్టెంబరులో వారి లారీలు మహా సికతాసముద్రమును దాటి లిబియాలో దిగెను. అటునుండి ఎవరును రాలేరని శత్రువు కాపలాయే పెట్టలేదు.

తరువాత భారతీయ సైనికులతో కూడిన దళమును అందులో చేరెను. ఆ ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగముననే నాలుగవ భారతీయ డివిజను పోరాడెను. తెలుగువారు పెక్కురు చేరు మద్రాసు సాపర్ల దళము అందుండెను.

దూరమునకు పోవు బండి చెడినచో ఏమగునో 1941 జనవరి చివర తెలిసివచ్చెను. బాగ్నోల్డు పాత మిత్రుడు క్లేటను నాయకత్వమున కుఫ్రా వైపు సాగుచున్న లారీలపై జెబెల్ షెరీఫ్ అను కొండవద్ద ఇటలీ దళము, విమానములు విరుచుకుపడెను. క్లేటను గాయపడి శత్రువులకు చిక్కెను. కొన్ని లారీలు కాలిపోయెను. మిగిలినవి తప్పించుకొనిపోగా నలుగురు మాత్రము కొండలలో చిక్కుపడిరి. వారికి తిండి లేదు. ఒక చిన్న డబ్బాడు నీరు మాత్రము దొరికెను. నాయకుడు మూర్ పాదమునకు గాయము. లొంగిపోయినచో ప్రాణము దక్కును. వారు లొంగలేదు. తమ లారీల చక్రపు జాడలను పట్టుకొని దక్షిణముగ నడచిరి. పగలు ఎండ నిప్పులు చెరుగును, రాత్రి చలి ఎముకలు కొరుకును. ఇద్దరు వెనుకబడిరి, మూడవవాడును తుదకు నిలిచిపోయెను. పదవ దినమున ఫ్రెంచి సైనికులు వెదకి చేరునప్పటికి మూర్ ఇంకను నడచుచునే యుండెను. అప్పటికి ఆయన నడచినది సుమారు 340 కిలోమీటర్లు. నలుగురును దొరకిరి గాని వారిలో ఈస్టను అనువాడు దొరకిన పిదప మరణించెను.

ప్రాణము నిలుపుకొనుటకై కనుగొన్న ఉపాయములు ప్రాణము తీయుటకు వినియోగమగుట యుద్ధధర్మము. ఎడారి అన్వేషకులలో బాగ్నోల్డు ఎఱిగిన హంగేరీ దేశీయుడు అల్మాషీ 1942లో అదే ఇసుకను జర్మనుల పక్షమున దాటెను. ఒకనాడు కలిసి పటములు పరచుకొన్నవారు ఎదురెదురు పక్షముల నిలిచిరి.

బాగ్నోల్డు 1941 ఆగస్టులో దళమును మిత్రుడు ప్రెండర్‌గాస్టునకు అప్పగించెను. 1944లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. యుద్ధానంతరము నదులలో నీరు ఇసుకను మోయు తీరును అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞులతో కలిసి దీర్ఘకాలము పరిశీలించెను. అంగారక గ్రహముపైకి పోయిన యంత్రములు అచ్చటను ఇసుక దిబ్బలున్నవని చూపగా, ఆ దిబ్బలను అర్థము చేసికొనుటకు శాస్త్రజ్ఞులు వెదకిన గ్రంథము 1941 నాటిదే. 1977లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా భూమి ఎడారులను, అంగారకుని ఎడారులను గూర్చి జరిపిన సభలో ఎనుబది యేండ్ల బాగ్నోల్డు ప్రసంగించెను. 1990 మే 28వ తేదీన ఆయన మరణించెను.

అంగారక గ్రహముపై గేల్ అను మహాబిలమున నల్లని ఇసుక దిబ్బల వరుస యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానికి బాగ్నోల్డు దిబ్బలని పేరిడిరి. 2015వ సంవత్సరాంతమున క్యూరియాసిటీ యను ఆరు చక్రముల బండి, నడుపువాడు లేకయే, ఆ దిబ్బల అంచును చేరెను. అది ముందుగ చేసిన పనులలో ఒకటి, చక్రముతో ఇసుకను గీసి లోపల ఎట్లున్నదో చూచుట.